పూటపడినవాని పూచీ

క్రిందటి నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సభ్యులైన ఒక కుటుంబం మమ్మల్ని భోజనానికి పిలిచింది. వారి అమ్మాయి ఫిలిప్పీన్స్ దేశంలోని దవావ్ పట్టణంలో వైద్యవిద్య చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చింది. మన తెలుగు ఇళ్ల నుంచి ఆ దేశానికి చదువు కోసం వెళ్లే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు కనుక ఈ ఊరి పేరు మీలో కొందరికి కొత్తగా ఉండదు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి తాను మనీలా వెళ్లినప్పుడు చూసిన ఒక చోటు గురించి చెప్పింది. మనీలాను ఆనుకుని ఉన్న క్వెజాన్ సిటీలో బంటయోగ్ అనే స్మారక స్థలం ఉంది. నేలకొరిగిన కొడుకును పట్టుకుని నిలబడిన ఒక తల్లి కంచు విగ్రహం అక్కడ ఉంది. దానికి కొంచెం దూరంలో నల్లరాతి గోడ. గోడ నిండా పేర్లు. విద్యార్థులు, గురువులు, విలేఖరులు, రైతు నాయకులు, కన్యాస్త్రీలు, కొందరు దైవసేవకులు. ఫెర్డినాండ్ మార్కోస్ నియంతృత్వాన్ని ఎదిరించి ప్రాణాలు పోగొట్టుకున్నవారు, పోరాడినవారు.

"ఆ మార్కోస్ అన్నేళ్లు ఎట్లా నిలబడ్డాడమ్మా?" అని వాళ్ల తాతగారు అడిగారు. ఆయన జిల్లా పరిషత్తు పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయులు.

"ఆయన వెనక అమెరికా ఉంది తాతయ్యా" అంది అమ్మాయి.

"అమెరికాది ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకునే ప్రభుత్వమే కదమ్మా! అది ఇటువంటివాడి వెనక నిలబడటమేమిటి?"

ఆ ప్రశ్నకు మాలో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కొంతసేపటికి తాతగారే తన అనుభవం ఒకటి చెప్పారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తోటి ఉపాధ్యాయుడొకరు సహకార సంఘంలో అప్పు తీసుకుంటూ హామీ సంతకం పెట్టమని అడిగారట. ఈయన పెట్టారు. ఆ మనిషి నాలుగు కిస్తీలు కట్టి మానేశాడు. మూడేళ్లపాటు ఈయన జీతంలో కోత పడింది. ఇంట్లో పిల్లల ఫీజులకు కటకటలాడారు. "ఆ డబ్బు నేను వాడుకోలేదని ఎవరితోనూ అనలేదండీ. నిజంగానే వాడుకోలేదు. కాని సంతకం నాదే కదా!" అన్నారు.

ప్రియ చదువరులారా, ఈ నెల మేము రాయదలచిన విషయమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. సామెతల గ్రంథం చదివేవారికి 'పూటపడుట' అనే మాట బాగా తెలుసు. ఒకరి అప్పుకు మరొకరు హామీగా నిలబడటమే పూటపడటం. ఆ గ్రంథకర్త ఈ పనిని గురించి ఒకటికి నాలుగుసార్లు హెచ్చరించాడు. ఒక మనిషికే అంత హెచ్చరిక అవసరమైతే, ఒక దేశం మరొక దేశపు నియంతకు పూటపడినప్పుడు సంగతేమిటి? అందులోనూ ఆ పూటపడిన ప్రభుత్వం ప్రజలు ఎన్నుకున్నదైతే, ఆ సంతకం ఎవరిది?

మార్కోస్ మొదట ఎన్నికల్లో గెలిచినవాడే. 1965లో అధ్యక్షుడయ్యాడు. 1969లో మళ్లీ గెలిచాడు. అప్పటి రాజ్యాంగం ప్రకారం రెండు పర్యాయాలకు మించి పదవిలో ఉండటానికి వీలులేదు. 1973తో దిగిపోవాలి. దిగిపోవడం ఇష్టంలేక 1972 సెప్టెంబరు 23న దేశంలో సైనిక శాసనం అమలులోకి వచ్చిందని ప్రకటించాడు. పార్లమెంటు మూతపడింది. పత్రికలు, రేడియోలు మూతపడ్డాయి. బెనిగ్నో అక్వినో వంటి ప్రతిపక్ష నాయకులను రాత్రికి రాత్రే పట్టుకుపోయారు. ఆ తరువాతి తొమ్మిదేళ్లలో సుమారు 70 వేలమంది జైళ్లపాలయ్యారని, 34 వేలమంది చిత్రహింసలకు గురయ్యారని, 3,200 మందికి పైగా చంపబడ్డారని మానవ హక్కుల సంస్థల అంచనాలు చెబుతున్నాయి. చంపిన తరువాత శవాలను నలుగురూ చూసేచోట పడవేయడం కూడా ఆ రోజుల్లో ఒక పద్ధతిగా ఉండేది. చూసినవాళ్లు నోరు మూసుకోవాలని.

ఫిలిప్పీన్స్ అమెరికాకు దూరపు చుట్టం కాదు. 1898 నుంచి 1946 వరకు ఆ దీవులను ఏలింది అమెరికాయే. స్వాతంత్ర్యం ఇచ్చిన తరువాత 1947లో ఒక ఒడంబడిక రాసుకుని అక్కడ సైనిక స్థావరాలు ఉంచుకుంది. క్లార్క్ విమాన స్థావరం, సూబిక్ నౌకా స్థావరం అమెరికా తన దేశం వెలుపల నడిపిన స్థావరాల్లో అతి పెద్దవాటిలో చేరినవి. వియత్నాం యుద్ధమంతా వాటి మీద ఆధారపడి నడిచింది. ఈ రెండు స్థావరాలు తన చేతిలో ఉన్నంతకాలం తనను ఎవరూ కదపరని మార్కోస్‌కు తెలుసు. ఆ లెక్క తప్పలేదు. సైనిక శాసనం వచ్చిన తరువాత అమెరికా సాయం ఆగలేదు. మానవ హక్కులే తన విదేశాంగ విధానానికి పునాది అని చెప్పిన అధ్యక్షుడు కార్టర్ కాలంలోనే, 1979 జనవరిలో, స్థావరాల ఒప్పందాన్ని సవరించుకుని అయిదేళ్లకు 50 కోట్ల డాలర్ల సాయం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1983లో రీగన్ ప్రభుత్వం మరో అయిదేళ్లకు 90 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఈ పార్టీ ఆ పార్టీ అనే తేడా లేకుండా సంతకాలు పడుతూనే వచ్చాయి.

డబ్బు, తుపాకులు మాత్రమే కాదు, యోగ్యతాపత్రం కూడా ఇచ్చారు. 1981 జనవరిలో మార్కోస్ సైనిక శాసనాన్ని పేరుకు ఎత్తివేసి, ఆ జూన్‌లో ఎన్నిక జరిపాడు. ముఖ్యమైన ప్రతిపక్షాలు దానిని బహిష్కరించాయి. ఆ పదవీస్వీకారానికి మనీలా వచ్చిన అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ విందులో లేచి, ప్రజాస్వామ్య సూత్రాలకు మార్కోస్ కట్టుబడి ఉన్నందుకు మెచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో మార్కోస్ దంపతులకు వైట్‌హౌస్‌లో రాజలాంఛనాలతో స్వాగతం లభించింది. అప్పటికి ఆ నల్లరాతి గోడమీది పేర్లలో అనేకం మట్టిలో కలిసిపోయి ఉన్నాయి.

"వాళ్లకు లోపలి సంగతులు తెలియవేమో" అని ఎవరైనా అనవచ్చు. తెలుసు. ఇదే ఇక్కడ ముఖ్యమైన సంగతి. అమెరికా కాంగ్రెసు 1974లో తన విదేశీ సహాయ చట్టంలో ఒక సెక్షన్ చేర్చింది. పౌరులను ఘోరంగా హింసించే ప్రభుత్వాలకు సైనిక సాయం ఇవ్వరాదన్నది దాని సారాంశం. 1976లో దానిని మరింత గట్టిచేశారు. సాయం పొందే దేశాల్లో మానవ హక్కుల పరిస్థితి ఎట్లా ఉన్నదో విదేశాంగ శాఖ ఏటా నివేదిక ఇవ్వాలన్న నియమమూ వచ్చింది. కనుక మనీలా జైళ్లలో ఏమి జరుగుతున్నదో వాషింగ్టన్‌లో అచ్చయి ఉంది. ఒక చేత్తో ఆ నివేదిక రాసి, మరొక చేత్తో చెక్కు రాశారు. తెలియక పూటపడినవానికీ, ఎగవేతదారుడని తెలిసి కూడా పూటపడినవానికీ తేడా ఉండదా?

బతాన్ ప్రాంతంలో మొరాంగ్ అనే చోట సముద్రపు ఒడ్డున ఒక అణు విద్యుత్ కేంద్రం ఉంది. మార్కోస్ కాలంలో 1976లో పని మొదలైంది. కట్టింది అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్. అప్పులిచ్చి, మిగతా అప్పులకు హామీగా నిలబడినవాటిలో ముఖ్యమైనది అమెరికా ప్రభుత్వపు ఎగుమతి దిగుమతి బ్యాంకు. ఇక్కడ పూటపడటమన్నది పోలిక కాదు, అక్షరాలా జరిగిన పనే. ఖర్చు పెరిగి పెరిగి 200 కోట్ల డాలర్లు దాటింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తరువాత కొత్త ప్రభుత్వం ఆ కేంద్రాన్ని మూలన పెట్టింది. దాని నుంచి ఒక్క బల్బు కూడా వెలగలేదు. అప్పు మాత్రం 2007 వరకు ఫిలిప్పీన్స్ ప్రజలు కడుతూనే ఉన్నారు. ఆ పని మొదలైన సంవత్సరంలో పుట్టిన బిడ్డ ముప్పై ఏళ్లవాడయ్యేదాకా తాను చూడని కరెంటుకు బిల్లు కట్టినట్లయింది.

తాతగారి కథకూ దీనికీ ఇక్కడే తేడా వచ్చింది. అక్కడ అప్పు ఎగవేస్తే పూటపడినవాని జీతం కోసుకున్నారు. ఇక్కడ పూటపడినవాడు క్షేమంగా ఉన్నాడు. ఆ అప్పుతో ఏ సంబంధమూ లేని చెరుకు కూలీ, చేపలు పట్టేవాడు కట్టవలసి వచ్చింది. 1985 నాటికి ఆ దేశపు విదేశీ రుణం 2,500 కోట్ల డాలర్లు దాటింది.

ఈ విధానాన్ని సమర్థించినవారి మాట కూడా వినవలసిందే. అది రెండు అగ్రరాజ్యాలు పోటీపడిన కాలం. 1979 తరువాత వియత్నాంలోని కామ్ రాన్ రేవును సోవియట్ నౌకలు వాడుకోసాగాయి. ఫిలిప్పీన్స్ అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలు ఉన్నారు. మార్కోస్ చెడ్డవాడే కావచ్చు, ఆయన పోతే వచ్చేవాడు ఇంకా చెడ్డవాడైతే ఏం చేయాలి అన్నది వాళ్ల వాదన. ఇది కొట్టిపారవేయదగిన భయం కాదు. ప్రభుత్వాలు దేవదూతలతోనే వ్యవహరిస్తామంటే ఈ లోకంలో ఏ రాయబార కార్యాలయమూ తెరుచుకోదు. పొరుగువాడు చెడ్డవాడైనా గట్టు తగాదా గురించి అతడితో మాట్లాడవలసిందే. సరుకు ఇచ్చిపుచ్చుకోవలసిందే.

కాని మాట్లాడటం వేరు, పూటపడటం వేరు. అతడి చేతికి తుపాకి ఇచ్చి, అతడి జేబులో డబ్బు పెట్టి, నలుగురిలో అతడు మంచివాడని సాక్ష్యం చెప్పినప్పుడు అది వ్యవహారం కాదు, హామీ సంతకం. ఇక ఆ భయం ఫలించిన తీరు చూడండి. సైనిక శాసనం వచ్చిననాడు కొద్దిపాటిగా ఉన్న గెరిల్లాలు మార్కోస్ దిగిపోయేనాటికి సుమారు 20 వేలమంది అయ్యారు. చదువుకున్న యువకులకు ఓటు దారి, పత్రిక దారి, కోర్టు దారి మూసివేస్తే మిగిలినది అడవిదారే. ఏ నిప్పును ఆర్పడానికి ఆయనను పెట్టుకున్నారో ఆ నిప్పు మీద నూనె పోసినవాడు ఆయనే. ఇక స్థావరాలంటారా, 1991 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ సెనేట్ 12 మంది వద్దని, 11 మంది ఉండనిమ్మని ఓటు వేయగా కొత్త ఒప్పందం వీగిపోయింది. 1992 నవంబరులో చివరి అమెరికా నౌకాదళం సూబిక్ విడిచి వెళ్లిపోయింది.

"ఆపగలిగే శక్తి వాళ్లకు ఉందా?" అన్నది మరొక ప్రశ్న. చేతకాని పనికి ఎవరినీ తప్పుపట్టకూడదు. దీనికి జవాబు 1986 ఫిబ్రవరి ఇచ్చింది.

1983 ఆగస్టు 21న, ప్రవాసం నుంచి తిరిగి వచ్చిన బెనిగ్నో అక్వినోను మనీలా విమానాశ్రయంలో విమానం దిగీదిగగానే కాల్చి చంపారు. అక్కడి నుంచి ఫిలిప్పీన్స్ ప్రజల ఓపిక తెగిపోయింది. అమెరికాలో కూడా కొందరి మనస్సాక్షి కదిలింది. న్యూయార్కులో మార్కోస్ దంపతులు రహస్యంగా కొన్న భవంతుల మీద స్టీఫెన్ సోలార్జ్ అనే కాంగ్రెసు సభ్యుడు తన ఉపసంఘంలో బహిరంగ విచారణ జరిపించారు. 1986 ఫిబ్రవరి 7న మార్కోస్‌కూ, అక్వినో భార్య కొరజాన్‌కూ మధ్య ఎన్నిక జరిగింది. ఓట్ల లెక్కలు మార్చుతున్నారని కంప్యూటర్ల ముందు కూర్చున్న ఉద్యోగులే లేచి బయటకు వచ్చేశారు. ఫిబ్రవరి 11న అధ్యక్షుడు రీగన్ మోసం రెండు వైపులా జరిగి ఉండవచ్చునన్నట్లు మాట్లాడారు. కాని ఎన్నికను స్వయంగా చూసివచ్చిన సెనేటర్ రిచర్డ్ లూగర్, ఆయన రీగన్ పార్టీవారే, మోసం మార్కోస్ వైపే జరిగిందన్నారు. నాలుగు రోజులు తిరగకముందే వైట్‌హౌస్ మాట మార్చుకోవలసి వచ్చింది.

ఆ నెల 22న రక్షణ మంత్రి, ఒక సైనిక నాయకుడు తిరగబడ్డారు. కార్డినల్ సిన్ రేడియో వెరితాస్ ద్వారా పిలుపునిస్తే లక్షలాది జనం ఎడ్సా రహదారి మీదికి వచ్చారు. ట్యాంకుల ముందు కన్యాస్త్రీలు జపమాలలతో మోకరించారు. తల్లులు సైనికుల చేతికి అన్నం పొట్లాలు ఇచ్చారు. 25న మార్కోస్ తన స్నేహితుడైన సెనేటర్ పాల్ లక్సాల్ట్‌కు ఫోను చేసి సలహా అడిగాడు. తెగతెంపులు చేసుకుని దిగిపొమ్మని అటునుంచి జవాబు వచ్చింది. ఆ రాత్రే అమెరికా హెలికాప్టర్లు ఆయనను క్లార్క్ స్థావరానికి చేర్చాయి. అక్కడి నుంచి గువాం, ఆ పైన హవాయి.

నియంతను దింపింది ఫిలిప్పీన్స్ ప్రజలే. అందులో సందేహం లేదు. ఆ కీర్తిని అమెరికాకు ఇవ్వకూడదు. కాని ఒక ఫోను కాల్‌తో, ఒక మాట మార్పుతో హామీ వెనక్కి తీసుకోవడం సాధ్యమేనని ఆ నాలుగు రోజులు చూపించాయి. 1986లో సాధ్యమైన పని 1973లోనో, 1979లోనో ఎందుకు కాకూడదు? శక్తి లేకపోవడం కాదు, మనసు లేకపోవడమే కారణమని ఇక్కడ తేలిపోయింది.

ఆ తరువాత బాధితులు హవాయిలోని అమెరికా న్యాయస్థానానికే వెళ్లి మార్కోస్ ఆస్తి మీద దావా వేశారు. 9,539 మంది పక్షాన 1995 నాటికి మొత్తం దాదాపు 200 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పులు వచ్చాయి. తీర్పు వచ్చినంత సులువుగా డబ్బు రాలేదు. 2013లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఒక చట్టం చేసి బాధితులకు 1,000 కోట్ల పెసోలు కేటాయించింది. 11,103 మందిని బాధితులుగా గుర్తించారు. ఆ సొమ్ము మార్కోస్ స్విట్జర్లాండు బ్యాంకుల్లో దాచుకున్న దానిలోది. దోచినవాని మూటలోంచి కొంత తిరిగి వచ్చింది. పూటపడినవాని జేబులోంచి రాలేదు. 2022లో ఆ మార్కోస్ కొడుకే ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడయ్యాడు. అది ఆ ప్రజల నిర్ణయం. కాని ఆ గోడమీది పేర్లు ఆ ఎన్నికతో చెరిగిపోవు.

ఇప్పుడు తాతగారి ప్రశ్న దగ్గరకు వద్దాము. సంతకం ఎవరిది?

రాజుల మొదటి గ్రంథంలో నాబోతు ద్రాక్షతోట కథ మనందరికీ తెలుసు. తోట ఇవ్వనన్నాడని రాజైన ఆహాబు అన్నం మాని, ముఖం తిప్పుకుని పడుకున్నాడు. ఆ తరువాత జరిగినదంతా వేరేవాళ్ల పని. ఉత్తరాలు రాసింది యెజెబెలు. దొంగసాక్షులను కుదిర్చింది ఊరి పెద్దలు. రాళ్లు రువ్వింది ఊరివాళ్లు. ఆహాబు ఒక్క రాయి కూడా ఎత్తలేదు. అయినా ఏలీయా వచ్చి నిలదీసింది ఆహాబునే. ఎందుకంటే ఆ ఉత్తరాల మీద పడిన ముద్ర ఆహాబుది. ఆ ముద్ర లేకపోతే ఊరి పెద్దలు కదిలేవారు కారు. తోట చివరకు ఎవరి వశమైందో చూసినా ముద్ర యజమాని ఎవరో తెలుస్తుంది.

రాజుల కాలంలో ముద్ర రాజు వేలికి ఉండేది. ప్రజాస్వామ్యంలో అది ప్రజల వేలికే ఉన్నది. అయిదేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి దానిని కొందరి చేతికి ఇచ్చి వస్తాము. ఇచ్చిన తరువాత వాళ్లు ఏ కాగితం మీద కొడుతున్నారో చూడకుండా ముఖం తిప్పుకుని పడుకోవడం ఆహాబు పనే అవుతుంది. నియంత ఏలుబడిలో ఉన్నవాడు "నన్నెవరు అడిగారు?" అంటే ఆ మాటలో న్యాయం ఉంది. ఓటు ఉన్నవాడు ఆ మాట అంటే చెల్లదు. ఓటరుకు ఉన్న గౌరవమూ అదే, బరువూ అదే.

తిలాపాపం తలా పిడికెడు అని మన పెద్దలు అన్నారు. ఈ పంపకంలో సంఘానికి కూడా ఒక పిడికెడు ఉంది. సైనిక శాసనం వచ్చిన కొత్తలో ఫిలిప్పీన్స్ సంఘ నాయకుల్లో చాలామంది మౌనంగా ఉన్నారు. కార్డినల్ సిన్ కూడా చాలాకాలం, తప్పును విమర్శిస్తూనే సహకరించడమన్న పద్ధతినే నడిపారు. పల్లెల్లో పనిచేసే కన్యాస్త్రీలు, యువ గురువులు, ప్రొటెస్టెంటు సంఘాలలోని కొందరు పాస్టర్లు ముందుగా నోరు తెరిచి, ముందుగా జైళ్లకు వెళ్లారు. పెద్ద ఆలయాల గంటలు ఆ తరువాత మోగాయి.

అమెరికాను నిలదీసి మనం చేతులు కడుక్కుంటే సరిపోదు. పిలాతు కూడా చేతులు కడుక్కున్నాడు. మనదీ ప్రజాస్వామ్యమే కనుక మన ముద్ర ఎక్కడ పడుతున్నదో మనమూ చూసుకోవాలి.

బర్మా సంగతి మన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తాతలు రంగూన్ వెళ్లి రేవుల్లో, మిల్లుల్లో పనిచేశారు. 1962లో జనరల్ నే విన్ అధికారం లాక్కున్నాడు. తరువాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాడు. మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అప్పటి జ్ఞాపకమే. సైనిక నియంతృత్వం అంటే ఏమిటో ఆ ఇళ్లలోని ముసలివాళ్లకు పుస్తకం చదవకుండానే తెలుసు.

1988లో బర్మా ప్రజలు తిరగబడినప్పుడు భారత ప్రభుత్వం వారి పక్షాన మాట్లాడింది. ఆంగ్ సాన్ సూకీకి 1993 సంవత్సరపు నెహ్రూ పురస్కారం ఇచ్చింది. కాని అదే దశకంలో మన విధానం మెల్లగా మలుపు తిరిగింది. ఈశాన్య సరిహద్దులో తీవ్రవాదులు, చైనా పలుకుబడి, సహజవాయువు, ఇలా కారణాలు ఉన్నాయి. అవి నిజమైన కారణాలే. 2010 జూలైలో సైనిక పాలకుడు థాన్ ష్వే మన దేశానికి రాజ్య అతిథిగా వచ్చాడు. బుద్ధగయ చూశాడు, రాజ్‌ఘాట్‌లో గాంధీజీ సమాధికి పుష్పగుచ్ఛం పెట్టాడు, మన హైదరాబాదుకు కూడా వచ్చి వెళ్లాడు. అప్పటికి సూకీ గృహనిర్బంధంలోనే ఉన్నారు. 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని మళ్లీ కూలదోసింది. ఆ తరువాత రెండేళ్లలో ఏయే దేశాల సంస్థలు ఆ సైన్యానికి ఆయుధాలు, సామగ్రి, ముడిసరుకు అందించాయో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి 2023లో లెక్క తీశారు. రష్యా, చైనా, సింగపూర్‌ల తరువాత మన దేశపు సంస్థల పేరు ఉంది. విలువ 5 కోట్ల 10 లక్షల డాలర్లు.

సరిహద్దు పంచుకున్న దేశంతో మాట్లాడక తప్పదని మేమూ ఒప్పుకుంటాము. మేము అడిగేది ఒకటే. ఏది మాట్లాడటం, ఏది పూటపడటం? ఆ గీత ఎక్కడ దాటామో మన పార్లమెంటులో ఎవరైనా అడిగారా? అడగమని మనమెవరైనా మన సభ్యునికి ఒక ఉత్తరం రాశామా? రోడ్డుకు, మంచినీళ్లకు, ఇంటి స్థలానికి మహజరు ఇచ్చే మనం ఈ విషయానికి ఎప్పుడైనా ఒక కాగితం ఖర్చు చేశామా?

మీలో అనేకుల పిల్లలు అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. మనుమలు అక్కడే పుట్టి ఓటర్లయ్యారు. వారితో ఫోనులో ఉద్యోగం, ఇల్లు, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుతాము. వారి ఓటు ఇప్పుడు లోకంలోని పెద్ద ముద్రల్లో ఒకటని, అది తాము ఎన్నడూ చూడని ఊళ్లలో ఎవరి గడప మీద పడుతుందో కనుక్కోమని చెప్పడం కూడా పెద్దల బాధ్యతే. ఏ ప్రభుత్వం గురించైనా మూడు ప్రశ్నలు అడిగితే చాలు. జరుగుతున్నది వారికి తెలుసా? ఆపే శక్తి వారికి ఉన్నదా? దానివల్ల లాభం ఎవరికి? మూడింటికీ జవాబు తమవైపే చూపిస్తే, ఆ పూచీ నుంచి తప్పుకునే దారి లేదు.

ఆ రోజు భోజనాలయ్యాక తాతగారు లోపలికి వెళ్లి ఒక పాత అట్టపెట్టె తెచ్చారు. అందులో సహకార సంఘంవారు ఇచ్చిన చివరి రసీదు ఉంది. బాకీ మొత్తం చెల్లిందని ముద్ర వేసిన కాగితం. "ఎందుకు దాచారు తాతయ్యా?" అని అమ్మాయి అడిగింది. "మళ్లీ ఎవరైనా సంతకం పెట్టమంటే ముందు దీన్ని తీసి చూసుకుంటానమ్మా" అన్నారు ఆయన. ఆ అమ్మాయి ఈ నెలాఖరుకు తిరిగి దవావ్ వెళుతోంది. ఆమె ప్రయాణం కోసం, ఆ గోడమీద పేర్లున్నవారి కుటుంబాల కోసం మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి. ఈ విషయం మీద మీ ఇంట్లో జరిగిన సంభాషణ మాకు రాయండి. మాతో ఏకీభవించని ఉత్తరాలైనా సంతోషంగా చదువుతాము.